తిప్పి పంపిన చేయూత

మధ్యాహ్నం ముసలివాళ్లకు రాగి సంగటి పెడుతుండగా గుట్ట పేలింది. పేల్చే ముందు కంకర క్రషర్ వాళ్లు సైరన్ మోగించాలి. ఆ రోజు మోగించలేదు. తలకాయంత రాయి లేచి వచ్చి, షెడ్డు మీది సిమెంటు రేకును పగలగొట్టుకుని, గోడవారన కూర్చున్న ఎర్రప్ప కాలి మీద పడింది.

నల్లమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. ముందు దుమ్ము కనబడింది. తర్వాత బోర్లాపడిన పళ్లెం. ఆ తర్వాత ఎర్రప్ప కాలు, మోకాలి కింద పక్కకు తిరిగిపోయి.

ఎర్రప్ప అరవలేదు. "తిండంతా మన్నుపాలాయెనే," అన్నాడు పళ్లెం కేసి చూస్తూ. అంతే, స్పృహ తప్పింది.

గుట్టకిందపల్లిలో వయసులో ఉన్నవాళ్లలో చాలామంది బెంగళూరు పనులకు వెళ్లిపోతారు. వాన మొహం చాటేసిన ఏడు ఇంకా ఎక్కువ. ఇళ్లలో మిగిలిపోయే ముసలివాళ్లకు ఒక పూటైనా వేడి తిండి పడాలని నల్లమ్మ, మరికొందరు ఆడవాళ్లు సంఘం పెట్టుకున్నారు. ఇంటింటా రాగిపిండి అడిగి తెచ్చి వండేవాళ్లు. ఎర్రప్ప ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు. నల్లమ్మకు వరసకు చిన్నాయన. కొడుకు బెంగళూరులో సెంట్రింగు పని చేస్తున్నాడు.

ఆటోలో వేసుకుని కదిరి ఆస్పత్రికి పరుగెత్తారు. డాక్టర్లు కాల్లో రాడ్డు వేసి, మళ్లీ నడుస్తాడో లేదో చెప్పలేమన్నారు.

మర్నాడు ఆడవాళ్లంతా క్రషర్ గేటు దగ్గరికి పోయారు. వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. ఎండలో నిలబెట్టాడు. టిప్పర్లు వాళ్ల మొహాన దుమ్ము కొడుతూ తిరుగుతున్నాయి. చాలాసేపటికి ప్రణీత్ బయటికి వచ్చాడు. క్రషర్ యజమాని విష్ణువర్ధన్ తరఫున పల్లెల వ్యవహారాలు చూసే యువకుడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట.

"జరిగింది తల్చుకుంటే నాకూ బాధగా ఉంది పెద్దమ్మా."

"బాధ సరే సామీ," అంది నల్లమ్మ. "ఆస్పత్రి కర్సు ఎవురు పెట్టుకుంటారు? ఆయప్ప ఇంక బతికేది ఎట్ల? మా రేకు సంగతేంది? సైరన్ కొట్టకుండా ఎందుకు పేల్చినారు?"

"పరిహారం అంటే మేం తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. దానికి మా వకీలు ఒప్పుకోడు. ఇంకో దారి ఉంది. చేయూత నిధికి అర్జీ పెట్టుకోండి."

చేయూత నిధి గురించి ఆ పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. కదిరిలో విత్తనాల అంగడి వాళ్లు, పెట్రోలు బంకు వాళ్లు, బట్టల కొట్టు వాళ్లు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు కలిసి ఏటా తలా కొంత వేసి, ఊళ్లలోని సంఘాలకు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తుంటారు. ఒక ఊళ్లో భజన సంఘానికి తబలా, ఇంకో ఊళ్లో కుర్రాళ్లకు వాలీబాల్ నెట్టు. ఇచ్చినప్పుడు ఫొటో, పేపర్లో వార్త. ఆ నిధికి అధ్యక్షుడు విష్ణువర్ధనే.

"అది దానం గదప్పా. మేం అడిగేది దానం కాదు."

"పేరు ఏదైతే ఏం పెద్దమ్మా? మీ షెడ్డుకు రేకు పడాలి, అంతే కదా."

నల్లమ్మ కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది. సరేనని తిరిగి వచ్చింది.

అక్కడినుంచి తిరుగుడు మొదలైంది. కదిరిలో డిగ్రీ చదువుతున్న ఊరి పిల్ల త్రివేణి, సంఘం తరఫున అర్జీ రాసింది. ఈ ఏడు గ్రాంట్లు పచ్చదనానికీ ఆడపిల్లల ఆటలకూ మాత్రమే అని తిప్పి పంపారు.

"ముసలోళ్లు మొక్కలు పెంచుతారని రాసుకోమంటాండాడు ప్రణీత్, పెద్దమ్మా," అంది త్రివేణి.

"తాగే నీళ్లకు ట్యాంకరు కోసం కాసుకోని ఉంటే మొక్కలంట మొక్కలు," అంది నల్లమ్మ. "రాయి. ఏం చేస్తాం."

మళ్లీ పోతే బ్యాంకు ఖాతా సరిగా లేదన్నారు. అది సరిచేసుకుని పోతే సారు ఊళ్లో లేడన్నారు. తర్వాత ఫొటో కావాలన్నారు. అందరూ నవ్వుతూ ఉండాలి, పగిలిన రేకు పడకూడదు, ఎర్రప్పను అసలు కూర్చోబెట్టొద్దు. ముసలివాళ్లు తలలు దువ్వుకుని వచ్చి, త్రివేణి ఫోను ముందు బలవంతాన నవ్వారు. ఒకామె పక్కామెను అడిగింది, "ఎందుకు నవ్వల్లమ్మే?" నల్లమ్మ మొహం తిప్పుకుంది.

అదే ఊళ్లో సుంకప్ప గొర్రెల కాపర్ల సంఘానికి పెద్ద. క్రషర్ వాళ్లు లోతు బోర్లు వేసినప్పటినుంచి కాపర్ల బోరు ఎండిపోయింది. వాళ్లూ నీళ్ల తొట్టి కోసం చేయూతకే పెట్టుకున్నారు. ఊరికి ఒక సంఘానికే గ్రాంటు. నీళ్ల ట్యాంకరు దగ్గర నల్లమ్మ, సుంకప్ప ఎదురుపడ్డారు.

"వదినా, ఈతూరికి మీరు తప్పుకోండి. గొర్రెలు నీళ్లు ల్యాక సస్తాండాయి."

"మా ముసలోళ్లు ఎండలో కూసోని తింటాండారు. మేం యాడికి తప్పుకునేది?"

"ముసలోళ్లు ఇయ్యాలో రేపో పోయేటోళ్లు. గొర్రెలు పోతే మా కొంపలే పోతాయి."

"మీయమ్మ గూడా మా షెడ్లోనే తింటాది. పోయి ఆయమ్మతో చెప్పు ఆ మాట."

సుంకప్ప బిందె అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాటినుంచి అతని తల్లి సంగటికి రాలేదు. కబురు పంపినా రాలేదు.

ఇట్లా ఊరు రెండుగా చీలాక ప్రణీత్ ఫోన్ చేశాడు. గ్రాంటు నల్లమ్మ సంఘానికే వచ్చిందట. నల్లమాడలో సభ. విష్ణువర్ధన్ స్వయంగా ఎర్రప్పకు చక్రాల కుర్చీ ఇస్తాడు. అతన్ని స్టేజీ మీదికి తీసుకురావాలి. క్రషర్ వచ్చాక ఊరు బాగుపడిందని నల్లమ్మ రెండు ముక్కలు మాట్లాడాలి.

నల్లమ్మ ఎర్రప్ప ఇంటికి పోయి చెప్పింది. ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని విన్నాడు.

"నా కాలు ఇరగ్గొట్టినోనికి నేను దండం పెట్టల్ల. అంతేనా?"

"రేకు పడ్తాది చిన్నాయనా."

"ఎత్తుకోనిపోతే వస్తా. నేనేమన్నా లేసి పారిపోతానా? గానీ నువ్వు ఆడ మాట్లాడేది నేను ఇనలేను నల్లమ్మా."

ఆమె బయటికి వచ్చి గడప మీద కూర్చుంది. ప్రణీత్ మీద కోపం. సుంకప్ప మీద కోపం. ఫొటోకు నవ్వమని ముసలివాళ్లకు చెప్పిన తన మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం. లేచి తిన్నగా సుంకప్ప ఇంటికి నడిచింది. అతను గొర్రెల దొడ్డి కంప సర్దుతున్నాడు, తలెత్తలేదు.

"మీ బోరు ఎందుకెండింది సుంకప్పా?"

"తెలీనట్లు అడుగుతావేంది? క్రషర్ బోర్ల వల్ల."

"మా రేకు పగలగొట్టింది ఎవుడు?"

అతను కంప వదిలేసి ఆమె వైపు చూశాడు.

"ఇద్దరం వాని గేటు ముందర పోయి నిలబడాల్సినోళ్లం," అంది నల్లమ్మ. "ట్యాంకరు కాడ మనం మనం కొట్టుకుంటిమి."

మర్నాడు బొక్కపడిన షెడ్డులోనే ఊరు కూడింది. కాపర్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. మాటలు గట్టిగానే నడిచాయి.

"ఇచ్చేది తీసుకుందాం," అంది కదిరమ్మ. రోజూ పొయ్యి దగ్గర ఉండేది ఆమే. "కాదంటే రేపు పొయ్యి మీద ఏం పెట్టల్ల? రోషమా?"

"తీసుకుంటే నోరు కట్టేసినట్లే అత్తా," అంది త్రివేణి. "రేపు ఇంగొకరి నెత్తిన రాయి పడితే ఇంగొక కుర్చీ ఇస్తారు. పేలుళ్లు మాత్రం ఆపరు."

"కోర్టుకు పోదామంటే దుడ్లు యాడున్నాయి?" అన్నాడు ఒక కాపరి. "పోలీసోళ్లు వాళ్లోళ్లే. వద్దని యా మొకంతో చెప్తాం?"

చివరికి కదిరమ్మే విసుగ్గా అంది. "వాని టిప్పర్లు పోయే దోవ మన చేన్ల పక్కనే గదా. తీసుకోకూడదంటే ఉత్తగా వద్దనేది కాదు, దోవ ఆపల్ల. మొగోళ్లకు అంత దమ్ముంటే చెప్పండి, నేనూ వస్తా."

సుంకప్ప నవ్వాడు. "గొర్రెల్ని తోలుకొస్తాం వదినా. అవి హారన్ కొడితే లేసేటివి కాదు."

సభ రోజు నల్లమాడలో షామియానా వేశారు. చాలా ఊళ్ల సంఘాలు వచ్చాయి. ఎర్రప్ప రాలేదు. విష్ణువర్ధన్ మాట్లాడుతూ, కరువు సీమ ప్రజలు అడుక్కునే అలవాటు మాని తమ కాళ్ల మీద తాము నిలబడాలని చెప్పాడు. తర్వాత నల్లమ్మను పిలిచారు. మైకు ముందు నిలబడేసరికి అనుకున్న మాటలు సగం మర్చిపోయింది.

"నాకు మాట్లాడేది రాదు. మా ఊర్లో ఎర్రప్ప అని ఉండాడు. ఈ సారు క్రషర్ రాయి పడి ఆయప్ప కాలిరిగింది. తప్పు మాది, ఇదిగో కట్టిస్తాం అనల్ల గదా. అన్లేదు. మమ్మల్ని అర్జీ పెట్టుకోమనిరి. నవ్వమనిరి. మేం నవ్వితిమి గూడా. ఈ చేయూత మాకొద్దు. సైరన్ ల్యాకుండా పేల్చినందుకు, మా నీళ్లు తోడుకున్నందుకు మాకు రావాల్సింది మాకీండి. అంతవరకు మీ టిప్పర్లు మా దోవలో—"

మైకు ఆగిపోయింది. ప్రణీత్ ఆమె మోచేయి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుని దిగింది. గుట్టకిందపల్లి ఆడవాళ్లంతా లేచారు. కుర్చీలు చప్పుడుగా కదిలాయి. షామియానా దాటేసరికి వాళ్ల వెనక తమకు తెలియని మొహాలు కొన్ని నడుస్తున్నాయి. గ్రాంటు తీసుకోవడానికి వచ్చిన వేరే ఊరి వాళ్లు, ఉత్త చేతులతో.

క్రషర్ దోవ నిండా గొర్రెలు. వాటి మధ్యలో కాపర్లు గొంగళ్లు పరిచి కూర్చున్నారు. సుంకప్ప తల్లి కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. టిప్పర్లు వరసగా ఆగిపోయాయి. ఆ సాయంత్రం గుట్ట పేలలేదు.

పోలీసులు మర్నాడు పొద్దున వచ్చారు. లాఠీలకు గొర్రెలు చెదిరాయి, మనుషులు చెదరలేదు. సుంకప్ప తల పగిలింది. అతన్ని ఆస్పత్రికి, నల్లమ్మను స్టేషనుకు తీసుకుపోయారు. అదే సాయంత్రం గ్రాంటు రెట్టింపు చేస్తామని ప్రణీత్ షెడ్డుకు వచ్చాడు. కదిరమ్మ పొయ్యి దగ్గరినుంచి లేవకుండానే చెప్పింది. "నల్లమ్మను తోడుకోని రా. ఆ మాట ఆయమ్మ ముందర చెప్పు."

నల్లమ్మను కదిరి కోర్టుకు జీపులో తీసుకుపోతుంటే దారిలో రైల్వే గేటు పడింది. జీపు ఆగింది. రోడ్డు పక్క కొందరు కూలీలు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు కానిస్టేబుల్ కసురుతున్నా వినకుండా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గుట్టకిందపల్లి నల్లమ్మంటే నువ్వేనా? మా ఊరి కాడా ఒక క్రషర్ ఉండాది. ఇండ్ల గోడలు పగులుతాండాయి. నువ్వొస్తే మేం గూడా దోవలో కూసుంటాం. ఎప్పుడొస్తావు?"

"నన్నెప్పుడు వదుల్తారో నాకే తెలీదు నాయనా," అంది నల్లమ్మ. "నా కోసం కాసుకోవద్దు. పోయి కూసోండి."

రైలు పోయింది. గేటు లేచింది.