నమాజు దిక్కున కట్టిన మరుగుదొడ్డి

నీళ్ల సంస్థ వాళ్లు కాబూల్ నుంచి మా ఊరు చూడ్డానికి వస్తున్నారని ఊరిపెద్ద మాలిక్ తూర్ గుల్ ముందురోజే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

"మరుగుదొడ్లు భేషుగ్గా ఉన్నాయనండి. ఎవడైనా నోరు జారాడో, రావలసిన బోరుబావి పోతుంది. ఇక కాలువ నీళ్లే తాగండి, పురుగులతో సహా!"

మా మరుగుదొడ్డిలో ఉల్లిపాయలు పోసుకున్నాం. సంస్థ కంట్రాక్టరు దాన్ని నమాజు దిక్కుకు ఎదురుగా కట్టాడు. "ఏ దిక్కుకు తిరిగి నుదురు ఆన్చి మొక్కుతానో, ఆ దిక్కుకే అలా కూర్చోమంటావురా?" అంది అమ్మ. ఊళ్లో ఆడవాళ్లందరిదీ అదే మాట. తెల్లవారకముందే మల్బరీ తోట గోడ చాటుకు వెళ్లొచ్చేవారు.

ఆ రోజు చీకటితోనే అతిథుల కాపలా సిపాయిలు వచ్చి ఆ గోడ దగ్గరే నిలబడ్డారు. అమ్మకు అసలే కడుపునొప్పి.

పొద్దెక్కాక సంస్థ ఇంజనీరు జర్మీనా మాలిక్ వెంట మా పెరట్లోకి వచ్చి మరుగుదొడ్డిలోకి తొంగిచూసింది.

"కాకా, ఉల్లివాసన తప్ప ఇంకే వాసనా లేదే!"

"మావాళ్లు అంత శుభ్రం, బిడ్డా," అని మాలిక్ గట్టిగా నవ్వాడు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే మా పెరటి విరిగిన గోడ మీదుగా చూశాను. ఎర్రరంగు వేసిన రాళ్ల అవతల అమ్మ కప్పుకున్న నీలం చాదర్ కనిపించింది.

అక్కడ మందుపాతరలున్నాయి. పోయిన వసంతంలో మా పొట్టేలు అటు వెళితే, దాని మెడలో గంట మాత్రం మా పెరట్లో వచ్చి పడింది.

అరిస్తే బావి పోతుందేమో. ఉలిక్కిపడి ఆమె అడుగు తప్పితే?

"అమ్మా! కదలకు!"

ఆమె చెంబుతో అలాగే నిలిచిపోయింది. నేను రాళ్ల దాకా పరుగెత్తాను. రాత్రి వాన పడటంతో బురదలో ఆమె అడుగులు తెలుస్తున్నాయి.

"నిలబడ్డచోటే మెల్లగా ఇటు తిరుగు. నీ అడుగుల్లోనే అడుగేసుకుంటూ రా."

"కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయిరా!"

"నేను చెబుతాను. చెంబు పారేయ్."

"ఇత్తడిది. పారేయను."

"కొంచెం ఎడమకు... ఇంకాస్త... ఇప్పుడు దించు."

ఇద్దరం ఆఖరి ఘడియలో చదివే కలిమా చదువుతూనే ఉన్నాం. చేతికి అందగానే గట్టిగా లాగి పట్టుకున్నాను.

జర్మీనా పరుగున వచ్చింది. "ఇంట్లో మరుగుదొడ్డి ఉండగా అటెందుకు వెళ్లావమ్మా?"

మాలిక్ నావైపు ఉరిమి చూశాడు. అయినా చెప్పేశాను, దిక్కు సంగతి.

"తిప్పి కట్టడం మేస్త్రీకి ఒక్క పూట పని కాకా! ఒక్కరైనా చెప్పలేదేం?"

"చెబితే బావి రాదన్నారు," అన్నాను.

"ఎవరన్నారు?"

మాలిక్ తస్బీ పూసలు తిప్పుతూ నేలచూపులు చూశాడు. బావి వస్తుందో రాదో ఆమె చెప్పలేదు. బండ్లు వెళ్లిపోయాయి.

వాటి చప్పుడు ఇంకా అణగకముందే నేను ఉల్లిపాయలు బయటపోసి, దొడ్డి దిక్కు తిప్పడానికి గునపం పట్టాను. అమ్మ గడపలో కూర్చుంది. చెంబు ఇంకా చేతిలోనే ఉంది.

"అమ్మా, అంత ఆపదలో ఇందులోనే కాస్త పక్కకు తిరిగి కూర్చుని ఉంటే, అల్లా క్షమించడంటావా?"

ఆమె చెంబు పట్టుకుని లేచింది.

"అది తర్వాత మాట్లాడదాం. ముందు ఆ పని కానివ్వు. నాకు మళ్లీ కడుపునొప్పి మొదలైంది."