కాఫీతోట కాలనీ వేణ్నీళ్ళు

నేను ఒక రాగి బాయిలర్‌ను. కడుపునిండా నీళ్ళు, నడుమ నిప్పుల గొట్టం, నెత్తిన గరాటు, పక్కన కొమ్ము. గరాటులో చన్నీళ్ళు పోస్తేనే కొమ్ములోంచి వేణ్నీళ్ళు బయటికి వస్తాయి. ఊరికే ఇవ్వడం నా ఒంట్లో లేదు. విజయనగరం కంచరివాళ్ళు నన్నలా చేశారు, నేను అలాగే బతికాను.

మొదట ఒక లాడ్జిలో కొలువు. అక్కడ దిగినవాళ్ళు స్నానం చేస్తూ నన్ను పొగిడేవారు, ఖాళీ చేస్తూ లాడ్జిని తిట్టేవారు. తరవాత చింతపల్లి కొండల్లో ఒక కాఫీతోట మేనేజరు బంగళాకి చేరాను. ఆయన ఇంటికి గీజరు రాగానే నన్ను తోట పనివాళ్ళ కాలనీకి దానమిచ్చి, నా మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. తమకు అక్కర్లేని వస్తువు ఇచ్చేటప్పుడు మనుషుల మొహం ఎంత వెలిగిపోతుందో అప్పుడే చూశాను.

కాలనీలో మాత్రం నాదే రాజ్యం. చలికాలం అక్కడ నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. తెల్లవారేసరికి అందరూ బిందెలతో నా ముందుండేవారు. బిందెడు పోసి బిందెడు పట్టుకోవాలి, అదీ కట్టుబాటు. ఎవరైనా వెలితిగా పోస్తే వారం రోజులు చెవులు కొరుక్కునేవారు.

నన్ను రాజేసేది దాలమ్మ. నా ముందు చతికిలబడి, ఊదుగొట్టంతో ఊది ఊది, మధ్యలో ఆగి దగ్గేది. ఆ దగ్గు ఏటికేడు పొడుగైంది. పొగ మానకపోతే ఊపిరితిత్తులు పాడైపోతాయని డాక్టరు చెప్పేశాడు. కాలనీవాళ్ళు జాలిగుండెలవాళ్ళు. వెంటనే ఆమెను తప్పించి, ఆమె తోడికోడలు కాంతమ్మను నా దగ్గర పెడతామన్నారు.

“నానొగ్గేస్తే అది ఊదాల. దాని ఊపిరి ఊపిరి కాదేటి?” అంది దాలమ్మ. “మార్సాల్సింది మనిసిని కాదు, పొయ్యిని.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళు నీళ్ళు కాచి ఇచ్చినందుకు ఇదా మర్యాద?

మీటింగు పెట్టారు. ఇంటికో గీజరు అన్నాడు కాలనీ పెద్ద లింగంనాయుడు. రెండిళ్ళలో మిక్సీ తిరిగితేనే బల్బులు కళ్ళు తేలేసే కాలనీ అది. గ్యాసంటే బండి ఘాటు రోడ్డెక్కి ఎప్పుడొస్తుందో చెప్పలేం. కట్టెలా, అడవి ఏటేటా దూరం జరుగుతోంది. దాలమ్మ సోలారు అంది. మంచు పట్టిన కొండ మీద ఎండతో వేణ్నీళ్ళా అని అందరూ నవ్వారు.

“పొద్దెక్కినాక మాడు పగిలిపోయే ఎండ కాత్తాది గదా. ఆ ఏడిని పొద్దుటిదాకా దాసే ట్యాంకంట.”

ఆమె పోరు పడలేక నాయుడు ఒక పరీక్షకు ఒప్పుకున్నాడు. నెగ్గిందా, సోలారు. ఓడిందా, కాంతమ్మ చేతికి ఊదుగొట్టం.

సోలారు కంపెనీ మనిషి వచ్చి నా షెడ్డు పక్కనే ఆరుబయట దిమ్మ మీద ఎండ పలకలు, ట్యాంకు బిగించాడు. కుళాయి లైను ఇంకా కలపలేదు కనక పగలు ఒకసారి పైమూత తీసి నింపమన్నాడు, టీ తాగి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మొదటి నాలుగిళ్ళకు నీళ్ళు చెయ్యి కాలేలా వచ్చాయి. తరవాతివాళ్ళకు గోరువెచ్చన. ఆఖరున నాయుడు భార్య ఒంటి మీద చెంబుడు పోసుకుని కెవ్వుమంది. నాకు పండగే అనుకోండి.

“ఇంక కాంతమ్మే గతి,” అన్నాడు నాయుడు.

“ఇంకొక్క పాలి సూడనీ నాయుడు బావూ,” అంది దాలమ్మ.

మరుసటి తెల్లారి ఆమె ట్యాంకు పక్కనే నిలబడింది. మొదట వచ్చినవాడు మూత తీసి బిందెడు చన్నీళ్ళు గుమ్మరించాడు, తరవాత కుళాయి తిప్పుకున్నాడు. వెనకాలవాడూ అంతే. నా దగ్గర నేర్చిన మర్యాద అది. ముందురోజు తొలి బిందె గుమ్మరించింది దాలమ్మే. ఆమె నుదురు కొట్టుకుంది.

“ఎవులు పొయ్యమన్నారు?”

“పొయ్యకుండా ఎలాగ అట్టుకుంటాం? ఎనకాలోలు ఏటనుకుంటారు?” అంది నాయుడు భార్య.

“దీని కింద నిప్పు నేదమ్మా. పోసిన సన్నీళ్ళు సన్నీళ్ళే.”

ఆ మర్నాడు దాలమ్మ దుప్పటి కప్పుకుని ఏకంగా మూత మీదే కూర్చుంది. బిందె ఎత్తినవాళ్ళందరినీ కసిరింది. ఆఖరి ఇంటిదాకా నీళ్ళు పొగలు కక్కాయి. నాయుడు వేలు ముంచి, చటుక్కున లాక్కుని, ఊదుకుంటూ “సరే” అన్నాడు.

కాలనీకంతా పెద్ద ట్యాంకులు వచ్చాయి. ముసురు రోజులకని వాటిలో కరెంటు కాయిల్ కూడా పెట్టారు. అయినా మొదటి ముసురుకే నలుగురు కట్టెలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. దాలమ్మ అడ్డం నిలబడింది. “ఇది ఇక్కడున్నన్నాళ్ళూ మీ సెయ్యి అగ్గిపెట్టె మీదకే ఎల్తాది,” అని, కాంతమ్మతో కలిసి నన్ను తోపుడు బండి ఎక్కించింది.

పాత సామాన్ల కొట్టు కొండ మలుపు పైన ఉంది. నాకు కోపం, అవమానం, ఏడుపు కూడా వచ్చాయి. కిందటి చలికాలం ఇదే ఎత్తు ఒట్టి చేతులతో ఎక్కుతూ దాలమ్మ రెండు చోట్ల కూలబడింది, నా షెడ్డులోంచి చూశాను. ఈసారి నా బరువంతా నెడుతూ, నన్ను తిడుతూ, కాంతమ్మతో కబుర్లు చెబుతూ ఎక్కింది.

కొట్టువాడు నన్ను దింపుకుని, “ఇంత ఎత్తు నెట్టుకొచ్చావు, కాసేపు కూకుని ఊపిరి తీసుకో,” అన్నాడు.

“అక్కర్నేదు,” అంది దాలమ్మ, ఖాళీ బండి వెనక్కి తిప్పుకుంటూ.