తీసేయమన్న షాట్

ఆ పొడుగు కోటు తొడిగినప్పటి నుంచీ జలపతి రావుకు కాలు ఒకచోట నిలవడం లేదు. జగిత్యాల కోట బురుజు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. కోరుట్లలో రిటైరైన లెక్చరర్ ఆయన. మెత్తని మనిషని పేరు. మనవరాలు సహస్ర స్నేహితులతో కలిసి సొంతంగా తీస్తున్న సీరియల్‌లో ఆయనది దొర వేషం. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్ననాటి కథ అది. పొగాకు తోటల యజమాని, అతని దగ్గర ఏళ్లకేళ్లు కట్టుబడి చాకిరీ చేసే నౌకరు. తెల్లవాళ్ల తీరున కట్టిన ఆ కోటను చూపించి, "సెట్టు మన జిల్లాలనే ఉన్నది తాతా" అంది సహస్ర.

నౌకరు వేషం వేణుది. కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఇల్లు సిరిసిల్ల. ఒకప్పుడు వాళ్లది జలపతి రావు తండ్రి దొరతనం చేసిన ఊరే. వేణు తండ్రి కిష్టయ్య చిన్నతనంలోనే ఆ కుటుంబం రాత్రికి రాత్రే ఊరు విడిచి సిరిసిల్ల చేరింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు సీనులో నౌకరు ఇంటికి పోతానని అడగాలి, దొర చెయ్యెత్తాలి. అంతే. దెబ్బ చప్పుడు తర్వాత కలుపుకుంటారు. పొద్దున్నుంచీ అదే కుదరడం లేదు. ఎత్తిన చెయ్యి దీవిస్తున్నట్టు ఉంటోంది.

"తాతా, కోపం రావాలె! ఎండ పోతున్నది" అని విసుక్కుంది సహస్ర.

మళ్లీ మొదలుపెట్టారు. వేణు తలెత్తి, "నేను పోత" అన్నాడు. జలపతి రావు చెయ్యి లేచింది. ఆగలేదు. చెంప చెళ్లుమంది.

"నా ముంగటనే తలెత్తి మాట్లాడుతవారా!"

ఆ మాట స్క్రిప్టులో లేదు. ఆ గొంతు కూడా ఆయనది కాదు, వాళ్ల నాయనది.

అందరూ చప్పట్లు కొట్టారు. వేణు చెంప రుద్దుకుంటూ, "ఏం కాలే సార్" అని నవ్వాడు. జలపతి రావుకు అరచెయ్యి మండుతోంది. ఇంత సులువుగా ఎట్లా వచ్చింది?

"సహస్రా, గా షాట్ తీసెయ్యి."

"గా షాట్ తీసేస్తే కథల ఏముంటది తాతా?"

మరుసటి పొద్దున ఆయన వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాడు. సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాడు. వేణు వాళ్ల వాకిట్లో అడుగు పెట్టగానే కిష్టయ్య బట్ట నేస్తున్న సాంచా ఆపి లేచాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నీ కొడుకును కొట్టిన, కిష్టయ్యా."

"యాక్టింగే గద దొరా."

"కాదు."

లోపలి నుంచి వేణు వచ్చాడు. ముఖంలో నిన్నటి నవ్వు లేదు.

"యాక్టింగ్ కాదని నాకూ తెల్సింది సార్. అందరి ముంగట నవ్విన గని, ఇంటికచ్చినంక బువ్వ సయించలే."

"ఆ షాట్ తీసెయ్యమని చెప్పిన. సహస్ర ఇంటలేదు."

"తియ్యద్దు. ఉండనియ్యుండ్రి." వేణు ఒక్క క్షణం తండ్రి వైపు చూశాడు. "ఆఖరి సీను మార్చమనుండ్రి. నౌకరు దొంగతనంగ పారిపోతడని రాసిండ్రు. నేను గట్ల పోను. పట్టపగలు దర్వాజల నుంచే పోత. మీరు చూసుకుంట నిలవడాలె."

"నేనేమనాలె?"

"ఏమనద్దు."

ఆ వారంలోనే కోట దర్వాజ దగ్గర ఆ సీను తీశారు. వేణు ఎదురుగా వచ్చి ఆగి, "నేను పోతున్న. అడుగుతలేను, చెప్తున్న" అన్నాడు. జలపతి రావు ఆ కళ్లలోకి చూడబోయి చూడలేకపోయాడు. తల దానంతటదే వాలింది. అట్లా వాలాలని ఎవరూ చెప్పలేదు. వేణు ఆయన్ను దాటుకుని బయటికి నడిచాడు. సహస్ర చాలాసేపు కట్ చెప్పలేదు.

తర్వాత అందరూ చాయ్ తాగుతుంటే వేణు బూట్లు విప్పి, చెప్పులేసుకుని, సంచి భుజాన వేసుకున్నాడు. జలపతి రావు గ్లాసు పట్టుకుని ఎదురొచ్చాడు.

"చాయ్ తాగి పో, వేణూ."

"బస్సున్నది సార్" అన్నాడు వేణు. కోపంగా కాదు, నవ్వుతూ కూడా కాదు.

అతను బస్టాండు దారి పట్టాడు. చెమటకు కోటు వీపుకు అంటుకుపోతున్నా విప్పడం తోచక జలపతి రావు అక్కడే నిలబడ్డాడు.