గొయ్యి పక్కన ఫోటో

"నీ నీడ పడతా ఉండాది, కొంచెం జరుగు," అన్నాడు చెంగల్రాయలు.

కమలాక్షి సెల్‌ఫోను పట్టుకుని పక్కకు జరిగింది. గొయ్యి తవ్వింది ఆమె. ఇస్త్రీ చొక్కాతో దాని పక్కన నిలబడింది మొగుడు. మంట పెట్టినప్పుడొక ఫోటో, నీళ్ళు పోసినప్పుడొకటి, ప్రతిదానిలో రైతు మొహం కనపడాలని ఈ బొగ్గు చేయించే కంపెనీ రూలు. గుడియాత్తం పక్కనున్న వాళ్ళ చేలో ఏడాదిగా ఇదే తంతు.

కంపెనీవాళ్ళు చెప్పిందేమంటే, చెట్టు గాలిలోని కర్బనాన్ని తిని కట్టెగా మారుతుంది. ఆ కట్టె కాలి బూడిదైతే కర్బనం మళ్ళీ గాలిలోకే పోతుంది. నడిమధ్యలో ఆర్పి, బొగ్గు చేసి, పేడ కలిపి చేలో పూడిస్తే వందల ఏండ్లు మట్టిలోనే ఉంటుంది. ఎక్కడో పొగ వదిలినవాళ్ళు అందుకు డబ్బిస్తారు. పొగ వదిలేది ఒకరు, తుడిచేది ఇంకొకరు. ఇంటిపని తెలిసిన ఆడదానికి ఇందులో ఆశ్చర్యపోయేదేముంది?

సీమతుమ్మ కంప కొట్టి, ముళ్ళు పీక్కుని, వరసలు పేర్చి కాల్చేది కమలాక్షే. చిన్నప్పుడు అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసిన చెయ్యి, నిప్పు గుణం దానికి తెలుసు. నిప్పుల మీద విబూది పూసినట్టు తెల్లబడగానే ఇంకో వరస వెయ్యాల. ఆఖరి వరస తెల్లబడితే నీళ్ళు పొయ్యాల. ఇది నేర్చుకునేలోపల రెండు వేళ్ళు కాలినాయి. అత్త సుబ్బమ్మ చూసి, "మొగోడు అంత కష్టపడతా ఉంటే, నువ్వు నాలుగు బిందెలు మోసేదానికే ఇంత యాగీనా?" అనింది.

ఈ దినం ఆఫీసు నుంచి మేనక మేడం వస్తా ఉంది. కావేరిపాక్కం రైతులకు ఈ పని నేర్పేదానికి ఒక మనిషి కావాలంట. నేను పోతానని తెల్లారి మొగుడికి కాఫీ ఇస్తా అడిగింది కమలాక్షి.

"నువ్వా? పదిమందిలో నోరు తెరిచి మాట్లాడను వస్తాదా నీకు? నువ్వు బస్సెక్కితే ఇంట్లో సంగటి ఎవురు కెలికేది?" అని నవ్వినాడు. కాఫీలో చక్కెర చాల్లేదని కూడా అన్నాడు.

మేనక వచ్చింది. మంట లేచింది. చెంగల్రాయలు చెయ్యి తిప్పి తిప్పి చెప్తా ఉన్నాడు. ఆఖరి వరస తెల్లబడింది. ఎప్పటి మాదిరే పెండ్లాం వైపు చూసినాడు. ఇన్ని దినాలూ ఆమె కన్ను ఆర్పితే, "పొయ్" అని అరిచేవాడు. ఈసారి కమలాక్షి నిప్పునే చూస్తా నిలబడింది.

"నీళ్ళెప్పుడు పొయ్యాల అన్నా?" అని అడిగింది మేనక.

"మంటంతా ఆరిపోనీ మేడం. తొందరేముంది?"

కాలిపోనీలే, పరువు పోయేది ఆయనది కదా అనుకుంది కమలాక్షి. పంతొమ్మిదేండ్లుగా ఆ ఇంట్లో తాను వండింది, తోమింది, మోసింది ఏదీ మిగల్లేదు. పొద్దున చేస్తే సాయంత్రానికి గాలిలో కలిసిపోయింది. తన చేతుల్లోంచి వచ్చి నిలబడేది ఈ బొగ్గు ఒక్కటే. దీన్ని కూడా ఆయన పరువు తీసేదానికని బూడిద కానియ్యాల్నా?

సెల్‌ఫోను నడుముకు చెక్కుకుని బిందెత్తి పోసింది. గొయ్యి బుస్సుమనింది.

"ఎవురు పొయ్యమనింది నిన్ను?"

ఆమె ఇంకో బిందె పోసి, మేనక వైపు తిరిగింది. "మంట ఆరేదాకా ఉంటే బొగ్గు మిగలదు మేడం. ఇన్ని దినాలూ కాల్చింది నేనే. కావేరిపాక్కానికి నేనే వస్తా."

"ఏం మాటలే అవి, మేడం ముందర?" అన్నాడు చెంగల్రాయలు.

మేనక గొయ్యిలోకి వంగి నల్లటి బొగ్గును చూసింది. "సరే అక్కా. గొయ్యి పక్కన నిలబడండి, మీ ఫోటో ఒకటి కావాల."

కమలాక్షి తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, సెల్‌ఫోను తీసి మొగుడి చేతిలో పెట్టింది. గొయ్యి పక్కన నిలబడి, కొంగు సర్దుకుని చెప్పింది.

"కొంచెం జరగండి. మీ నీడ పడతా ఉండాది."