మనవాళ్లంటే ఎవరు?

ఆ రోజుల్లో ఫ్రాన్సుకు ఇద్దరు రాజులు. ఒకరిది పారిస్, ఇంకొకరిది లువార్ నదికి దక్షిణం. మా ఊరు ఉత్తరపు ఒడ్డున ఉండేది. మా ఊరి ఓడెలీన్ పెద్దకొడుకు కొలార్‌ని పారిస్ రాజు సైనికులు పట్టుకుపోయారు. అది భరించలేక చిన్నవాడు గోషే పడవెక్కి అవతలి రాజు సైన్యంలో చేరాడు.

ఒక మధ్యాహ్నం చర్చి గంటలు అదేపనిగా మోగాయి. ఓడెలీన్ చేతులకు అంటిన రొట్టెపిండితోనే చర్చికి పరుగెత్తింది.

"ఫాదర్, ఎవరు గెలిచారు?"

"మనవాళ్లేనమ్మా."

"మనవాళ్లంటే ఎవరు?"

ఎవరో గుర్రాలమీద వచ్చి ఫాదర్‌ని గంటలు కొట్టమన్నారు. ఏ రాజు మనుషులని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

కొన్నాళ్లకు గోషే కుంటుతూ ఇల్లు చేరాడు. తల్లి వాడి ముఖమంతా తడిమింది.

"అన్న కనిపించాడా నాయనా?"

"అందరూ మొహాలమీదికి ఇనప టోపీలు దించుకున్నారే అమ్మా. ఎవడు ఎవడో ఏం తెలుస్తుంది? మీదికొచ్చినవాణ్ణల్లా పొడిచాను." గోషే గొంతు తగ్గించాడు. "ఒకడు పడిపోతూ 'అమ్మా' అన్నాడు. అచ్చం అన్నయ్య గొంతే. కానీ అక్కడ అందరూ 'అమ్మా' అనే అరిచారే."

ఓడెలీన్ వాణ్ణి దగ్గరకు తీసుకోబోయి ఆగింది. ఆగినందుకు తనమీద తనకే అసహ్యం వేసి, గట్టిగా హత్తుకుంది.

కొలార్ తిరిగి రాలేదు. ఏమయ్యాడో చెప్పడానికి ఏ రాజు మనిషీ రాలేదు.