పదకొండింటికి ముందు

టిఫిన్ డబ్బాలో చపాతీలు సర్దుకుంటుంటే మా ఆయన ప్రభుదాస్ అన్నాడు: "ఊపిరి మిషినే ఇస్తది కద, నువ్వు పక్కన కూసునుడే. గంత అలసటేందీ?" అత్తమ్మ నవ్వింది. ఆమె చేతిలో బీపీ మాత్ర పెట్టి, నేరేడ్‌మెట్‌లో ఆరింటి బస్సెక్కాను.

పన్నెండేళ్లుగా ఐసీయూలో నర్సుని. మనిషికి వెంటిలేటర్ పెట్టడం ఎంతసేపు? దాన్నుంచి విడిపించడమే కష్టం. తలకు దెబ్బ తగిలినవాళ్లనైతే మరీను.

నాలుగో బెడ్‌లో సీతాఫల్‌మండి అనుపమ. బాత్‌రూంలో జారిపడిందని భర్త యుగంధర్ తీసుకొచ్చాడు. తలకు ఆపరేషనై పది రోజులు దాటింది. రోజూ పదకొండింటికి మిషిన్ సాయం తగ్గించి, అరగంట సొంతంగా ఊపిరి తీసుకోగలదేమో చూసేవాళ్లం. యుగంధర్‌ను లోపలికి పంపేదీ ఆ సమయానికే. అతను వంగి "అనూ" అనగానే ఆమె ఊపిరి ఎగిసిపడేది, నిమిషానికి నలభై సార్లు. వెంటనే మళ్లీ మిషిన్. మెదడింకా సిద్ధంగా లేదని పెద్ద డాక్టర్ రాసేవాడు. నాలుగు రోజులు ఇదే తంతు.

ఐదో రోజు యుగంధర్ ఆలస్యంగా వచ్చాడు. అతను తలుపు తీసేదాకా, ఇరవై నిమిషాలు, ఆమె ఊపిరి చక్కగా తీసుకుంది. ఆ సంగతే పెద్ద డాక్టర్‌తో చెప్పాను. "సిస్టర్, నువ్వు కఫం తీసే పని చూస్కో" అన్నాడు అందరి ముందూ. ఇంట్లో పక్కన కూర్చునేదాన్ని, ఇక్కడ కఫం తీసేదాన్ని. చూసేది మాత్రం నేనే. ఎనిమిది గంటలూ ఆ ముఖాన్ని చూసేది నేనొక్కదాన్నే.

మర్నాడు డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ ప్రేమమణిని బతిమాలి, ఎనిమిదింటికే మొదలుపెట్టించాను. అరగంట గడిచింది. గంట గడిచింది. అనుపమ నా చెయ్యి పట్టుకుని తన ఊపిరి తనే తీసుకుంది. పదింటికి పెద్ద డాక్టర్ వచ్చి, చూసి, గొంతులోని మిషిన్ గొట్టం తీసేశాడు. సరైన సమయం పట్టుకోవడంలోనే అనుభవం తెలుస్తుందని వెంట ఉన్నవాళ్లకు చెప్పాడు. నేను ఆమె మూతి తుడుస్తున్నాను.

వాళ్లు వెళ్లాక అనుపమ పెదాలు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"అక్కా, నాకు మాటొచ్చిందని ఆయనకు చెప్పకు."

ఆ మాట కేస్ షీట్‌లో ఉన్నదున్నట్టు రాసి, కింద షెకీనా అని నా పేరు రాశాను. ప్రేమమణి చదివింది. ఏమీ అడగకుండా పోలీసులకు ఫోన్ చేసింది.

పదకొండింటికి యుగంధర్ గుమ్మం ముందు చెప్పులు విప్పుతూ, మాట్లాడిందా సిస్టర్ అని అడిగాడు.

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇయ్యాల నిన్ను లోపటికి పోనియ్య. రేపు సుత పోనియ్య."