వానకు అడ్డం పడుకున్నవాళ్లు

మూడో పోటుకే గడ్డపార ఎదురు తన్ని దాసన్న మణికట్టు జివ్వుమంది. మట్టి కాదది, కాల్చిన పెంకు. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, పునర్వసు కూడా చుక్క రాల్చకుండానే పోయింది. రోజూ పొద్దు వంగే వేళకు ఎర్రమల కొండల మీదికి మబ్బు వస్తుంది, ఊరిని ఓసారి చూసి అవతలి లోయలోకి దిగిపోతుంది. కొర్రచేలల్లో మొలక మాడిపోయింది. ఊరి మగవాళ్లు నలభై మంది తుమ్మల నీడలో నిలబడి దాసన్న చేతులనే చూస్తున్నారు.

అతను తవ్వుతున్నది ఈరక్క సమాధి. పోయిన మాఘంలో కాన్పు కష్టమై చచ్చిపోయిన పిల్ల, ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆమె చేతుల మీద, మెడ మీద తెల్లగా బొల్లి మచ్చలుండేవి. బొల్లి ఉన్న మనిషిని కాల్చకుండా పూడిస్తే వాన ఆ ఊరి ముఖం చూడదని ఆ కొండపల్లెల్లో నమ్మకం. పూడ్చిన శవాన్ని బయటికి తీసి కాల్చాల్సిందే. బతికుండగా ఆ పిల్ల బావి నుంచి మోసుకొచ్చిన నీళ్లు తాగినవాళ్లే, ఇప్పుడామె వాన నీళ్లకు అడ్డం పడుకుందంటున్నారు.

ఈరక్క తల్లి హులిగెమ్మ సమాధి పక్కనే కూర్చుంది. పొద్దుటి నుంచి గడపగడపకూ తిరిగి కాళ్లు పట్టుకుంది. ఒక్కరైనా కసురుకుంటే బాగుండేది. వానొస్తే నీకూ మంచిదే కదా అని నెమ్మదిగా నచ్చజెప్పి పంపారు. ఇప్పుడామె ఏడవడం కూడా మానేసి, గడ్డపారకు లేచిన పెళ్లలను ఒక్కొక్కటే తీసి మళ్లీ వాటి చోట పెడుతోంది.

దాసన్న వంశమంతా ఆ ఊరికి వెట్టి చేసింది. ఎవరు చచ్చినా గుంత తవ్వేది వాళ్లే, కూలి రెండు శేర్ల కొర్రలు. అయిదేళ్ల కిందట, ఊరూరా గంజి కేంద్రాలు నడిచిన కరువులో, జీవమ్మ అనే ఆమె శవాన్ని తీయడానికి కూడా అతన్నే పిలిచారు. ఆమెకూ బొల్లే. పని పురమాయించిన పెద్దరెడ్డి, వాసనకు ఓర్వలేక అందరినీ వెంటబెట్టుకుని వాగు అవతలికి పోయాడు. దాసన్న ఒక్కడే తవ్వాడు. గుడ్డ తొలగి చెయ్యి ఒకటి కనిపించింది. ఎముక చుట్టూ పచ్చగాజులు, ఒక్కటీ పగల్లేదు. ఆ కరువు మొదట్లో ఆ చెయ్యే అతని బిడ్డలకు అంబలి పోసింది. అతను గబగబా మన్ను కప్పేసి, పక్కన కంపకుప్ప పేర్చి తగలబెట్టాడు. పొగ చూసి ఊరు సంతోషించింది. నాలుగో నాడు వాన పడింది.

అప్పటి నుంచి ఆ చెయ్యి దాసన్నను వదల్లేదు. ముద్ద నోట పెట్టుకోబోతే గాజులు గలగలమంటాయి. అతనికి జీవమ్మంటే భయం లేదు, బతికున్న ఊరంటేనే భయం. చేసింది తెలిస్తే ఇంటిల్లిపాదినీ తరిమేస్తారని నోరు మూసుకున్నాడు. మూసుకున్నందుకు ఇప్పుడది ఈరక్క మీదికొచ్చింది. పోయినసారి కాలిస్తే వాన పడింది కదా అని అందరూ గుర్తుచేసేది ఆ పొగనే.

"ఏంరా దాసా, నిలబడితివి? పొద్దు వంగతాండాది," అన్నాడు పెద్దరెడ్డి.

దాసన్న గడ్డపార ఎత్తాడు. హులిగెమ్మ అడ్డం రాలేదు. తలెత్తి చూసి, లోగొంతుతో అంది: "మెల్లగ తవ్వప్పా. బిడ్డకు తగుల్తాది."

దాసన్న గడ్డపార కింద పెట్టాడు.

"జీవమ్మను నేను కాల్చల్యా సామీ. ఆడనే ఉండాది. ఆయమ్మ మన్నులో ఉండంగనే వాన పడింది. ఆ తర్వాత నాలుగేండ్లూ పడింది."

అందరి చూపులూ ఇరవై అడుగుల అవతల జీవమ్మ సమాధి మీదున్న రాళ్లకుప్ప వైపు పోయాయి. దాసన్నకు గాజుల చప్పుడు స్పష్టంగా వినిపించింది. చెబితే అర్థం చేసుకుంటారనుకున్నాడు, వెర్రివాడు.  పెద్దరెడ్డి ముఖంలో ఊరట కనిపించింది.

"అందుకా ఈ యేడు వాన రాకపోయింది. రెండూ తవ్వు."

"నేను తవ్వను," అన్నాడు దాసన్న.

వాళ్ల తాత గాని తండ్రి గాని ఆ ఊరికి ఆ మాట చెప్పి ఎరగరు. చెప్పిన దాసన్న ఈరక్క సమాధి మీదే కూలబడ్డాడు. పెద్దరెడ్డి సైగ చేస్తే గుంపులోంచి ఇద్దరు గడ్డపారలు పట్టుకుని జీవమ్మ వైపు కదిలారు. అడ్డుపడడానికి ఆమె మనుషులెవరూ ఊళ్లో మిగల్లేదు.

హులిగెమ్మ లేచింది. కూతురిని దాసన్నకు వదిలి, ఆ ఇద్దరికన్నా ముందుపోయి, జీవమ్మ రాళ్లకుప్ప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇద్దరూ ఆమె ముందు ఆగిపోయి పెద్దరెడ్డి వైపు చూశారు.

కొండ మీదికి ఆనాటి మబ్బు వచ్చింది. ఎవరూ తలెత్తి చూడలేదు.